25 లక్షలకు సంతకం పెట్టే ముందు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీకు 56 ఏళ్ళు, పెళ్ళై 32 ఏళ్ళు. ఆయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి 2024 మేలో రిటైరయ్యారు. ఉంటున్న ఫ్లాటూ, ఊరి బయట ఉన్న స్థలమూ ఆయన పేరునే ఉన్నాయి. మీకు ఉద్యోగం లేదు. నగలు జాయింట్ లాకర్‌లో ఉన్నాయి. అబ్బాయి విదేశంలో స్థిరపడ్డాడు. ఇప్పుడు ఆయన "25 లక్షలు తీసుకో, పరస్పర అంగీకారంతో ముగించేద్దాం, ఈ వయసులో కోర్టుల చుట్టూ తిరగడం ఎందుకు" అంటున్నారు. అద్దె కాకుండా మీ ఖర్చు నెలకు 28 వేలని లెక్కేసుకున్నారు. సంతకం పెట్టమంటారా అని అడిగారు.

ఇప్పుడే పెట్టకండి. విడాకులు వద్దని నేను చెప్పడం లేదు. అది మీ ఇష్టం, 32 ఏళ్ళు కాపురం చేసిన మనిషికి బయటివాళ్ళు చెప్పేదేముంటుంది. ఆ అంకె మీద, ఆ కాగితం మీద పెట్టకండి అంటున్నాను.

ముందే చెప్పాలి, నేను లాయర్ని కాను. బ్యాంకులో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఆరేళ్ళుగా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా ఇలాంటి కేసుల్లో ఆడవాళ్ళకి కాగితాలు సర్దిపెడుతున్నాను. మీ పెళ్ళి హిందూ వివాహ చట్టం కిందకి వస్తుందనుకుని రాస్తున్నాను.

బ్యాంకులో ఉండగా ఒకావిడ వచ్చారు, ఇంచుమించు మీ వయసే. సొంతంగా ఖాతా తెరవాలన్నారు. ఫారం ఇచ్చాను. పెన్ను పట్టుకుని చాలాసేపు కాగితం వంకే చూస్తూ కూర్చున్నారు. ఏమైందని అడిగితే, "ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టివ్వండి మేడమ్, మా ఆయన అలాగే ఇచ్చేవారు" అన్నారు. పాతికేళ్ళలో ఆవిడ సంతకం చేయని కాగితం లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, వాటిని బ్రేక్ చేసిన ఫారాలు, ఇంటి లోను, మరిది వ్యాపారానికి హామీ. ఒక్కదాంట్లో కూడా ఆ పెన్సిల్ గుర్తు పైన ఏం రాసుందో చదవలేదు. మీ ముందుకి వచ్చిన ఒప్పంద పత్రంలోనూ ఇంటూ మార్కులు ఉండే ఉంటాయి. ఈసారి వాటి పైనున్నది చదువుదాం.

విడాకులు అనగానే ఎంత వస్తుందనే అందరూ చూస్తారు. ముప్పై ఏళ్ళ పిల్లకైతే ఆ లెక్క చాలు, తర్వాత సంపాదించుకోవడానికి ముప్పై ఏళ్ళుంటాయి. మీ వయసులో మొదట వేయాల్సింది పోయేవాటి లెక్క. డిక్రీ, అంటే విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు, వచ్చిన రోజు నుంచి మీ చేతిలోంచి ఏమేం జారిపోతాయో ఎదురుగా రాసుకోవాలి.

అన్నిటికంటే పెద్దది ఫ్యామిలీ పెన్షన్. ఆయన ఆఖరి బేసిక్ ఎంతో మీరు రాయలేదు (తెలియకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు, చాలామందికి తెలియదు). లెక్క తేలికగా ఉండటానికి లక్ష అనుకుందాం. అప్పుడు ఆయన పెన్షన్ 50 వేలు. ఆయన ముందు పోతే, భార్యగా మీకు ఆఖరి బేసిక్‌లో 30 శాతం, అంటే 30 వేలు, దాని మీద డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) కలిపి మీరున్నంత కాలం వస్తుంది. ఆయనకి 67 నిండకముందే జరగరానిది జరిగితే మొదట్లో ఇంకా ఎక్కువ వస్తుంది. ఆయన మీకంటే పెద్ద, మామూలుగా ఆడవాళ్ళు మగవాళ్ళకంటే కొన్నేళ్ళు ఎక్కువ బతుకుతారు. కాబట్టి ఈ పెన్షన్ మీ ముసలితనానికి దాచిపెట్టిన ఆస్తి లాంటిది. విడాకుల డిక్రీతో అది సున్నా అవుతుంది. విడాకులైన భార్య ఫ్యామిలీ పెన్షన్ నిబంధనల్లో ఎక్కడా లేదు.

రెండోది వారసత్వం. ఆయన వీలునామా రాయకుండా పోతే భార్య మొదటి తరగతి వారసురాలు, కొడుకుతో సమానంగా వాటా. విడాకులయ్యాక ఆ వాటా లేదు. స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా రాసుకోవచ్చు కాబట్టి దీన్ని పూర్తిగా నమ్ముకోలేం, కానీ పోయేవాటి పట్టీలో ఉండాల్సిందే. మూడోది సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డు. భార్యగా మీ పేరు అందులో ఉంది, డిక్రీ తర్వాత ఉండదు. దీని సంగతి కింద విడిగా చెప్తాను, ఎందుకంటే చాలామంది దెబ్బతినేది అక్కడే.

ఇక్కడొక మాట. కలిసి ఉండలేను, అంతే, మళ్ళీ పెళ్ళి ఆలోచనేం లేదు అనుకునేవాళ్ళకి జ్యుడీషియల్ సెపరేషన్ అనే దారి కూడా ఉంది. హిందూ వివాహ చట్టం 10వ సెక్షన్. వేరుగా ఉంటారు, భరణం అడగొచ్చు, కానీ చట్టం దృష్టిలో పెళ్ళి తెగదు. వారసత్వం నిలుస్తుంది, కేంద్ర నిబంధనల్లో ఫ్యామిలీ పెన్షన్‌కీ చాలావరకు అడ్డు రాదు. కోర్టు కారిడార్లలో దీని గురించి చెప్పేవాళ్ళు తక్కువ. మీ లాయర్ని ఈ ప్రశ్న మొదటి రోజే అడగండి.

ఇప్పుడు ఆయన చేతికి వచ్చిందెంతో చూద్దాం, ఎందుకంటే "నా దగ్గర ఇంతే ఉంది" అనే మాట ఎక్కడైనా వినిపిస్తుంది. అదే లక్ష బేసిక్, 33 ఏళ్ళ పూర్తి సర్వీసు, అప్పటి డీఏ 50 శాతం. గ్రాట్యుటీ లక్షన్నరకి పదహారున్నర రెట్లు, అంటే 24 లక్షల 75 వేలు. 2024 జనవరి నుంచి దాని పరిమితిని 25 లక్షలకి పెంచారు కాబట్టి అంతా వస్తుంది. 300 రోజుల సెలవు మిగిలి ఉంటే దాని డబ్బు 15 లక్షలు. పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేసుకుని, అంటే ముందే ఒకేసారి డబ్బుగా తీసుకుని ఉంటే ఇంకో 19 లక్షల 66 వేలు. మొత్తం 59 లక్షలు దాటింది, ఇందులో పీఎఫ్ కలపలేదు. అసలు బేసిక్‌ని బట్టి అంకెలు మారతాయి గానీ లెక్క వేసే పద్ధతి ఇదే. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు ఎక్కడికి వెళ్ళింది, ఏ ఖాతాలో ఉంది, ఎవరి పేరు మీదికి మారింది అనేది మీ కేసులో మొదటి ప్రశ్న. ఇది దురాశ అని ఎవరైనా అంటే అననివ్వండి. 32 ఏళ్ళుగా ఆ ఇల్లు నడిపింది మీరు.

మరి 25 లక్షలు ఎంతకాలం వస్తాయి? 7 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి లక్షా 75 వేలు, నెలకు 14,583 రూపాయలు. మీ ఖర్చు 28 వేలు. అంటే మొదటి నెల నుంచే అసలు తినడం మొదలుపెడతారు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే 28 వేల ఖర్చు పన్నెండేళ్ళకి 56 వేలవుతుంది. ఈ లెక్కన ఆ 25 లక్షలు ఎనిమిదేళ్ళు నిండకముందే అయిపోతాయి. మీకు అప్పటికి 64. ఇందులో ఇంటి అద్దె లేదు, ఆస్పత్రి లేదు.

నేను వాడే మోటు లెక్క ఒకటుంది. ఏడాది ఖర్చుకి పాతిక రెట్లు. వడ్డీ 7, ధరల పెరుగుదల 6 అనుకుని, 85 ఏళ్ళ దాకా డబ్బు సరిపోవాలంటే 55 దాటిన మనిషికి ఇంచుమించు అంత కావాలి. మీకు 3 లక్షల 36 వేలు ఇంటూ 25, అంటే 84 లక్షలు, సొంత ఇల్లు ఉంటే. ఈ అంకె చూసి కంగారుపడకండి, ఇదంతా ఒకేసారి నగదుగా రావాలని కాదు. కానీ బేరం మొదలయ్యేది ఇక్కడి నుంచి. ఆయన చెప్పిన 25 నుంచి కాదు.

చట్టం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మన దేశంలో గోవాలో తప్ప, పెళ్ళయ్యాక సంపాదించిన ఆస్తి ఇద్దరిదీ అనే సూత్రం లేదు. ఎవరి పేరున రిజిస్టరైతే వాళ్ళది. భర్త ఆస్తిలో భార్యకి వాటా ఇచ్చే సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ దాకా వచ్చి పాసైంది, లోక్‌సభలో ఆగి మురిగిపోయింది. కాబట్టి "సగం నాది" అని కోర్టులో అడగలేరు. మీరు అడగగలిగింది భరణం. దాన్ని తక్కువ చూడకండి. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం ఒకేసారి గానీ, నెలనెలా గానీ ఇప్పించవచ్చు, దానికి ఆయన స్థిరాస్తిని పూచీగా కట్టనూ వచ్చు. కేసు నడుస్తుండగా 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు అడగొచ్చు. పాత సీఆర్‌పీసీ 125 ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 అయింది, విడాకులైన భార్య కూడా మళ్ళీ పెళ్ళి చేసుకోనంత వరకు దాని కింద అడగొచ్చు.

2020 నవంబర్ 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి మీకు బాగా పనికొస్తుంది. భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు అన్నీ అఫిడవిట్‌గా ఇవ్వాలని, భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కించాలని అందులో చెప్పారు. కుటుంబం కోసం ఉద్యోగం మానుకున్న ఆడవాళ్ళ త్యాగాన్ని లెక్కలోకి తీసుకోవాలనీ ఉంది. పరస్పర అంగీకారం దారిలో ఈ అఫిడవిట్ ఎవరూ అడగరు. అందుకే ఆ దారి ఆయనకి ముద్దు. మీరూ ఆ దారిలోనే వెళ్ళొచ్చు, కానీ "ముందు ఆ నమూనాలో మీ వివరాలన్నీ సంతకం పెట్టివ్వండి, తర్వాత అంకె మాట్లాడుకుందాం" అనండి. ఇవ్వనంటే, ఇవ్వనన్నదే మీకు సమాధానం.

మీ చేతిలో ఉన్న బలం మీకు కనపడటం లేదనిపించింది. పరస్పర అంగీకారానికి మీ అంగీకారం కావాలి. అది లేకపోతే ఆయన క్రూరత్వమో, విడిచిపెట్టి పోవడమో ఏదో ఒకటి నిరూపించాలి. కాపురం ఇక అతకదు అన్న ఒక్క కారణంతో విడాకులు ఇచ్చే అధికారం ఫ్యామిలీ కోర్టుకి లేదు, అది రాజ్యాంగం 142వ అధికరణ కింద సుప్రీంకోర్టుకే ఉంది. పైగా మొదటి మోషన్‌లో (ఇద్దరూ కలిసి కోర్టులో వేసే మొదటి దరఖాస్తులో) సంతకం పెట్టినా, డిక్రీ వచ్చేలోపు అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. డబ్బు తీసేసుకుని వెనక్కి తగ్గితే మాత్రం కోర్టు ఊరుకోదు, అలా చేయకండి. నేను చెప్పేది, మీ సంతకానికి వెల ఉంది, ఆ వెల ఆయనకీ ఆయన లాయరుకీ తెలుసు.

ఇల్లు వదిలి వెళ్ళకండి. ప్రాణభయం ఉంటే వేరే సంగతి, అప్పుడు మొదట బయటపడాలి. లేకపోతే కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు, పేరు ఎవరిదైనా సరే, గృహహింస చట్టం 17వ సెక్షన్ మీకు ఇస్తోంది. "నాలుగు రోజులు అమ్మ వాళ్ళింట్లో ఉండు, మనసు కుదుటపడుతుంది" అని పంపించి తాళం మార్చేసిన కేసులు నేనే చూశాను.

ఇక అడగాల్సింది ఏ రూపంలో అడగాలి? ఇక్కడే నా అనుభవం మీకు ఎక్కువ పనికొస్తుందనుకుంటా.

నెలనెలా భరణం మంచిదే, అవసరాలు మారితే పెంచమని అడిగే వీలుంటుంది. 2025లో ఒక కేసులో సుప్రీంకోర్టు నెలకు 50 వేలు ఇప్పిస్తూ రెండేళ్ళకోసారి 5 శాతం పెంచాలని రాసింది. కానీ ఆయన రిటైరైపోయారు. జీతమైతే భరణం డిక్రీ కింద మూడింట రెండు వంతుల దాకా జప్తు చేయించవచ్చు. ప్రభుత్వ పెన్షన్‌కి సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 60వ సెక్షన్‌లో, 1871 నాటి పెన్షన్ల చట్టంలో రక్షణ ఉంది. భరణం కోసమైతే ఆ రక్షణ వర్తించదన్న తీర్పులున్నాయి గానీ, ప్రతిసారీ అదో కొత్త పోరాటం. ఆయన పోతే ఆ నెలసరి డబ్బూ ఆగే ప్రమాదం ఉంది, ఫ్యామిలీ పెన్షన్ ఎలాగూ ఉండదు. అందుకని నెలసరి మీదే పూర్తిగా ఆధారపడకండి.

ఇల్లు ఒక్కటే తీసుకోవడం కూడా ప్రమాదమే. ఒకావిడ పట్టుబట్టి మూడు పడకగదుల ఇల్లు రాయించుకున్నారు, గెలిచానన్నారు. ఏడాదిన్నర తర్వాత కలిస్తే హాల్లో ఒక్క లైటు వేసుకుని కూర్చున్నారు. ఆస్తి పన్ను, మెయింటెనెన్స్, లిఫ్టు రిపేరు వాటా... నెలనెలా వచ్చేదేమీ లేదు. ఇల్లు అమ్మడానికి మనసు రాదు, గది అద్దెకివ్వడానికి పరువు అడ్డం. ఇటుకలు కొరుక్కు తినలేం కదా అన్నారు నవ్వుతూ.

మీ పరిస్థితికి నేనైతే మూడూ కలిపి అడుగుతాను. ఫ్లాటు మీ పేరున. 30 లక్షలకి తగ్గకుండా ఒకేసారి. నెలకు 15 వేలు, ఏటా కొంత పెరిగేలా, ఆ ఊరి బయటి స్థలాన్ని దానికి పూచీగా రాయిస్తూ. భర్త నికర జీతంలో 25 శాతం న్యాయమైన భరణమని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది. అది అన్ని కేసులకూ కొలబద్ద కాదు గానీ, డీఆర్ కలిపిన పెన్షన్‌లో 15 వేలు గొంతెమ్మ కోరికేం కాదని చూపించడానికి సరిపోతుంది.

ఫ్లాటు రాయించుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. డిక్రీకి ముందు, మీరింకా భార్యగా ఉండగానే గిఫ్ట్ సెటిల్‌మెంట్ డీడ్ రిజిస్టర్ చేయించండి. భార్యాభర్తల మధ్య బదిలీకి ఆదాయపు పన్ను పడదు, చాలా రాష్ట్రాల్లో స్టాంపు డ్యూటీ కూడా కుటుంబ సభ్యుల రేటే. డిక్రీ తర్వాత మీరిద్దరూ చట్టానికి పరాయివాళ్ళు. రెండు, దానికి ముందు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. ఫ్లాటు మీద లోను ఉందేమో, స్థలం ఈమధ్య ఎవరికైనా బదిలీ అయిందేమో దాంట్లో తెలుస్తుంది. రిటైరైన ఏడాదిలో అన్నదమ్ముల పేరు మీదికి వెళ్ళిన స్థలాలు ఈసీల్లో చాలా కనిపిస్తాయి నాకు. ఒకేసారి ఇచ్చే డబ్బు చెక్కుగా వద్దు, డీడీ. రెండో మోషన్ (డిక్రీకి ముందు ఇద్దరూ కోర్టులో మళ్ళీ అంగీకారం చెప్పే) రోజుకి పూర్తిగా చేతికి వచ్చి ఉండాలి. "మిగతాది ఆర్నెల్లలో" అన్న వాక్యం ఒప్పంద పత్రంలో ఉంటే కొట్టేయించండి. "ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న వాక్యం కూడా తప్పకుండా ఉంటుంది. అది పడ్డాక తర్వాత తిరగదోడటం చాలా కష్టం, కాబట్టి అన్నీ అందాకే దాని కింద సంతకం.

పన్ను సంగతి తొందరగా చెప్పేస్తాను. ఒకేసారి వచ్చే భరణాన్ని ఆదాయంగా చూడరు, నెలనెలా వచ్చేదాన్ని ఆదాయంగానే చూస్తారు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి మామూలు ఆదాయం 12 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి ఇది మీకు పెద్ద సమస్య కాదు.

నగలు. మీ పుట్టింటివాళ్ళు పెట్టినవి, పెళ్ళిలోనూ తర్వాతా మీకు కానుకగా వచ్చినవి స్త్రీధనం. వాటిలో ఆయనకి వాటా లేదు, వాటిని చూపించి "ఇంత బంగారం ఇచ్చాంగా" అని భరణంలో తగ్గించడానికి ఒప్పుకోకండి. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2024లో సుప్రీంకోర్టు, స్త్రీధనం పూర్తిగా ఆ స్త్రీదే, ఆమె చెప్పకుండా కన్నతండ్రి కూడా అడగలేడని చెప్పింది. లాకరు జాయింట్ అంటున్నారు కాబట్టి, మీరు కూడా ఆపరేట్ చేయగలిగితే ఈ వారంలో వెళ్ళి ప్రతి వస్తువుకీ ఫొటో తీసుకోండి. పెళ్ళి ఫొటోల్లో ఒంటిమీదున్నవాటితో జత చూసుకోండి. మీ నగలు మీరు తెచ్చుకోండి, మిగతావి ముట్టుకోకండి. లోపలేముందో బ్యాంకుకి తెలియదు, రేపు మాయమైతే మేం సాక్ష్యం చెప్పలేం. ఇకమీద ఇద్దరూ కలిసి వస్తేనే తెరవాలని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

దీనికంటే చిన్న విషయం, దీనికంటే ముందు చేయాల్సింది. మీ ఆధార్‌కి, మీ పాన్‌కి, మీ బ్యాంకు ఖాతాకి ఏ ఫోన్ నంబరు లింకై ఉంది? పదిమందిలో ఆరేడుగురికి భర్త నంబరే ఉంటుంది. మీరు ఎక్కడ ఏం చేసినా ఓటీపీ ఆయనకి వెళ్తుంది. మీ నంబరు మార్పించుకోండి, ఆయనకి తెలియని పాస్‌వర్డుతో మెయిల్ ఐడీ తెరవండి, వేరే బ్యాంకులో మీ ఒక్కరి పేరున ఖాతా తెరవండి. 2024 జులైలో ఒక భరణం కేసులో జస్టిస్ బి.వి. నాగరత్న, గృహిణికి జాయింట్ ఖాతా, ఏటీఎం కార్డు అందుబాటులో ఉండాలని ప్రత్యేకంగా రాశారు. సుప్రీంకోర్టు ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే ఇళ్ళల్లో ఏం జరుగుతోందో ఊహించుకోండి.

అలాగే మీ పేరున ఏమైనా లోన్లు ఉన్నాయేమో చూడండి. క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. సహ రుణగ్రహీతగానో హామీదారుగానో మీ సంతకం ఉంటే, విడాకుల డిక్రీ చూపించినా బ్యాంకు మిమ్మల్ని వదలదు. "ఆ లోను ఆయన కడతారు" అని ఒప్పంద పత్రంలో రాసుకున్నా అది మీ ఇద్దరి మధ్య మాట, బ్యాంకుకి దాంతో పని లేదు. నేను బ్యాంకు వైపు కుర్చీలో కూర్చుని ఈ ముక్క ఎంతమందికి చెప్పానో. లోను తీరాలి, లేదా మీ పేరు తీసేసినట్టు బ్యాంకు లెటరు రావాలి, అదీ డిక్రీకి ముందే.

ఆరోగ్య బీమా. సీజీహెచ్‌ఎస్ పోతుందని పైన రాశాను. విడాకులయ్యాక చూద్దాంలే అనుకోవద్దు, ఇప్పుడే మీ ఒక్కరి పేరున పాలసీ తీసుకోండి. బీపీ, షుగరు లాంటి ముందే ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. కేసు ఎలాగూ కొన్నాళ్ళు నడుస్తుంది, ఆ సమయం కార్డు ఉండగానే కరిగిపోతుంది. ఉన్న జబ్బు దాచకండి, దాచి ఆదా చేసింది క్లెయిమ్ రోజున పదింతలు పోతుంది. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న పాత నిబంధన 2024 ఏప్రిల్ నుంచి లేదు, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాకి జీఎస్టీ కూడా ఎత్తేశారు. ప్రీమియంని ఆ 28 వేల ఖర్చులో కలిపి మళ్ళీ లెక్కేయండి. కలిపి ఉండరని నా అనుమానం.

పుట్టింటి ఆస్తి గురించి మీరేం రాయలేదు. పసుపు కుంకుమ కింద ఇచ్చేశారుగా అని అన్నదమ్ములు అంటే అక్కడితో అయిపోయిందనుకోకండి. హిందూ వారసత్వ చట్టానికి 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికే పెళ్ళైనవాళ్ళని వదిలేసింది గానీ, 2005 సవరణలో ఆ తేడా లేదు. తండ్రి 2005కి ముందే పోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలని మాత్రం కదిలించలేరు. మీ విడాకుల సంగతి బయటపడగానే ఏదైనా కాగితం మీద సంతకం కోసం ఎవరైనా వస్తే, అది హక్కు విడుదల పత్రమేమో చూసుకోండి. అన్నదమ్ములతో తగువు పెట్టుకోమని కాదు, చూసి పెట్టమని.

అబ్బాయి చూసుకుంటాడులే అన్న మాట మధ్యవర్తులు తప్పకుండా అంటారు. చూసుకోనివ్వండి, మంచిదే. కానీ 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద తల్లిదండ్రులు పిల్లల్ని పోషణ అడిగే హక్కు వేరు, భర్త భరణం బాధ్యత వేరు. ఒకటి చూపించి ఇంకోటి తగ్గించనివ్వకండి. ఫ్లాటు మీ పేరు మీదికి వచ్చాక వెంటనే అబ్బాయికి రాసేయకండి. రాయాల్సి వస్తే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు పత్రంలోనే ఉండాలి. అప్పుడే ఆ చట్టం 23వ సెక్షన్ కింద రద్దు చేయించుకునే వీలుంటుంది.

డబ్బు చేతికొచ్చాక ఆర్నెల్లు ఎవరికీ అప్పివ్వకండి, ఎవరి వ్యాపారంలోనూ పెట్టకండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పిపెడతామనే ఆప్తులు ఆ వారంలోనే వస్తారు. ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకానే డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి కొంచెం విడదీసి పెట్టండి. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో ఒక్కరి పేరున 9 లక్షలు పెట్టొచ్చు. మీకు 60 నిండాక సీనియర్ సిటిజన్ పథకంలో 30 లక్షల దాకా వీలుంది, మూడు నెలలకోసారి వడ్డీ ఖాతాలో పడుతుంది. ఆ నాలుగేళ్ళకి డిపాజిట్ల గడువు అప్పటికి తీరేలా వేసుకుంటే సరిపోతుంది.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడుతున్నట్టున్నారు. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్ళండి. ఒక్క మాట, మీ ఆయన పెట్టిన లాయరు "ఇద్దరికీ నేనే చూస్తాను, ఖర్చు కలిసొస్తుంది" అంటే ఒప్పుకోకండి.

ఆయన తొందరపెడితే "మా లాయరు చదువుతున్నారు" అనండి, అంతకంటే ఎక్కువ మాట్లాడకండి. ఈలోగా మూడు కాగితాలు సంపాదించండి. ఆయన పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నకలు, దాంట్లో ఆఖరి బేసిక్, కమ్యుటేషన్, ఫ్యామిలీ పెన్షన్ అంకెలన్నీ ఉంటాయి. సాధారణంగా ఇంట్లో బీరువాలో పెన్షన్ ఫైల్లోనే ఉంటుంది, ఫోన్లో ఫొటో చాలు. ఫ్లాటుకీ స్థలానికీ 2023 నుంచి ఇప్పటిదాకా ఈసీ. మీ క్రెడిట్ రిపోర్టు. పీపీఓలో ఉన్న బేసిక్‌తో పైన నేను లక్ష అనుకుని వేసిన లెక్క మళ్ళీ వేసి, వచ్చిన అంకె ఇక్కడ రాయండి. ఎంత అడగాలో అప్పుడు చెప్తాను.